ప్రమాదం అన్న మాటకు తొలి అర్థం

తెలుగులో ‘ప్రమాదం’ అన్న మాట నేడు ఒక సంఘటనను సూచిస్తుంది. రోడ్డు మీద బస్సు బోల్తా పడితే ప్రమాదం, ఇంట్లో నిప్పంటుకుంటే ప్రమాదం, తడిచేత్తో స్విచ్చు ముట్టుకున్న మనిషి ప్రాణం పోతే అదీ ప్రమాదమే. ఈ వాడుకలో అది జరిగేదే తప్ప ఒకరు చేసేది కాదు. సంస్కృతంలో ఈ మాటకు ఉన్న తొలి అర్థం వేరు. ‘మద్’ అనే ధాతువుకు మత్తెక్కడం, మైమరవడం అన్న అర్థాలున్నాయి. దానికి ‘ప్ర’ ఉపసర్గ చేరగా ఏర్పడిన ‘ప్రమాదం’ చేయవలసిన దాని మీద మనసు నిలపకపోవడాన్ని, అంటే ఏమరుపాటును చెప్పింది. మనిషి చిత్తస్థితికి పేరుగా పుట్టిన మాట క్రమంగా ఆ చిత్తస్థితి తెచ్చే కీడుకు పేరై, చివరకు ఆ కీడు వెనుక ఎవరి ఏమరుపాటైనా ఉందా అని అడగడమే మరచిపోయేంతగా అర్థం మార్చుకుంది.

దీనిని కేవలం అర్థపరిణామానికి ఒక ఉదాహరణగా చూసి వదిలేయడానికి వీలులేదు. నలభై యాభై ఏళ్ళ కింద కట్టిన ఇంట్లో, నాటి తీగలతోనే నేటి సామాన్లన్నీ నడుపుతూ, ఎర్తింగ్ ఉందో లేదో ఎన్నడూ చూపించుకోకుండా కాపురముంటున్న గృహస్థు ఏ తప్పూ చేసినట్టు కనిపించడు. అతడు చేసినదంటూ ఏమీ లేదు, చేయనిది మాత్రమే ఉంది. ఒకనాడు ఆ ఇంట్లో ఎవరి ప్రాణమైనా పోతే దానిని అతడు చేసిన హింసగా ఎంచాలా, లేక అతనికి సంబంధం లేని విధిగా ఎంచాలా? చేయని పనికి మనిషి బాధ్యుడవుతాడా అన్న ఈ ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో చాలా పాతది. మీమాంసకులు, వేదాంతులు, జైన బౌద్ధాచార్యులు వేర్వేరు సందర్భాల్లో దీనిని తడిమారు. వారి చర్చలో విద్యుత్తు లేకపోయినా ఇల్లు ఉంది, నిప్పు ఉంది, ఏమరుపాటు ఉంది.

ప్రశ్న గాలిలో మాటగా మిగలకుండా ఉండాలంటే పాత ఇంటి గోడల్లో ఏముందో ముందుగా చూడాలి. ఒకప్పుడు గోడలకు టేకు చెక్క బద్దలు బిగించి, వాటి మీద రేకు క్లిప్పులతో రబ్బరు తొడుగు గల తీగలను నడిపేవారు; ఆ రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి, బీటలు వారి, వేలు తగిలితే పొడిగా రాలుతుంది. తరువాత వచ్చిన పి.వి.సి. తొడుగు అంతకంటే మన్నికైనదే గాని, మళ్ళీ మళ్ళీ వేడెక్కితే అదీ పెళుసుబారుతుంది. రాగి కరువుగా ఉన్న 1960, 70 దశకాల్లో దేశమంతటా విరివిగా వాడిన అల్యూమినియం తీగకు మరో దోషం ఉంది: స్క్రూ కింద నలిగి కాలక్రమేణా వదులవుతుంది, పైన పొరకట్టి కరెంటుకు అడ్డుపడుతుంది, ఆ అతుకు దగ్గరే వేడి పుడుతుంది. ఈ తీగలు వేసిన నాడు ఇంటి అవసరం నాలుగు బల్బులు, రెండు పంకాలు, ఒక రేడియో. 2 కిలోవాట్ల గీజరు ఒక్కటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. ఏసీ, ఇస్త్రీపెట్టె, వెట్ గ్రైండరు దానికి తోడవుతాయి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. గోడ లోపల జరిగే ఈ కాగుడు బయటివారికి కనిపించదు. స్విచ్చుబోర్డు చుట్టూ పసుపు పచ్చగా మారిన సున్నమూ, సాకెట్టు నుంచి అప్పుడప్పుడూ వచ్చే కమురు వాసనా మాత్రమే దానికి గుర్తులు.

ఎర్తింగ్ అనే ఏర్పాటు సంగతి ఇంతకంటే ముఖ్యమైనది, ఇంతకంటే తక్కువగా అర్థమైనది. సామాను ఇనుప ఒంటిని ఒక తీగ ద్వారా నేలలో పాతిన గొట్టానికి గాని పలకకు గాని కలపడాన్ని ఎర్తింగ్ అంటారు. లోపలి ఫేజు తీగ, అంటే కరెంటును మోసుకొచ్చే తీగ, తొడుగు చిట్లి ఆ ఒంటికి తగిలితే, కరెంటు మనిషి కోసం ఎదురుచూడకుండా ఆ తీగ గుండా నేలలోకి దిగిపోతుంది. పాత ఇళ్ళలో రెండు కన్నాల సాకెట్లకు ఈ దారే ఉండదు. మూడు కన్నాల సాకెట్లు తరువాత బిగించిన చోట కూడా మూడో కన్నం వెనుక తీగ లేకపోవడం, ఉన్నా అది నేల దాకా చేరకపోవడం ఎలక్ట్రీషియన్లందరికీ తెలిసిన సంగతే. అలాంటి ఇళ్ళలో ఫ్రిజ్జు ముట్టుకుంటే ‘జిల్లుమంటోంది’ అంటారు, ‘చెప్పులేసుకుని ముట్టుకో’ అని పిల్లలకు నేర్పుతారు. ఈ చెప్పుల నియమం ఈ వ్యాసానికి చాలా అవసరమైన సాక్ష్యం, ఎందుకంటే ఆ నియమం ఉన్న ఇంట్లో అపాయం ఉందని ఇంటివారికి తెలుసు. తెలిసి కూడా దానితో కలిసి బతకడానికి ఒక ఆచారాన్ని ఏర్పరచుకున్నారు.

ఫ్యూజు ఉండగా భయమెందుకన్న భావన కూడా విస్తారంగా ఉంది. తడిసిన చేతులు, తడినేల మీద వట్టికాళ్ళు ఉన్నప్పుడు మానవ శరీరపు నిరోధం సుమారు 1,000 ఓములకు పడిపోగలదు. 230 వోల్టులకు ఆ శరీరం గుండా పారేది 230 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో పావు వంతుకు కొంచెం తక్కువ. పది మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న దానిని వదలలేని స్థితి వస్తుంది. ముప్ఫై దాటి కొంతసేపు నిలిస్తే గుండె లయ తప్పే అపాయం మొదలవుతుంది. అయిదు ఆంపియర్ల ఫ్యూజుకు ఈ మొత్తం లెక్కలోకే రాదు, అది అలాగే చల్లగా ఉండగా మనిషి మరణించవచ్చు. ఫ్యూజు గాని, దాని స్థానంలో వచ్చిన ఎం.సి.బి. గాని కాపాడేది తీగను, తీగ ద్వారా ఇంటిని. మనిషిని కాపాడటానికి ఉద్దేశించినది ఆర్.సి.సి.బి. అనే వేరే పరికరం. ఫేజు తీగలో వెళ్ళిన కరెంటూ న్యూట్రల్ తీగలో తిరిగివచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయో లేదో అది ఎడతెగకుండా పోల్చుతూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే ఆ మేరకు కరెంటు వేరే దారిన, బహుశా ఒక మనిషి గుండా, పోతోందని గ్రహించి సెకనులో చిన్న భాగంలో మొత్తం ఆపివేస్తుంది. ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకున్నవాణ్ణి అది కాపాడలేదు, ఎందుకంటే అతని గుండా వెళ్ళినది లెక్కప్రకారం తిరిగివస్తూనే ఉంటుంది. ఎర్తింగ్ ఉన్న ఇంట్లో అది మనిషి ముట్టుకోకముందే పనిచేస్తుంది, ఎర్తింగ్ లేని ఇంట్లో మనిషే దారి అయిన తరువాత పనిచేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోనూ, మళ్ళీ 2023లోనూ తెచ్చిన భద్రతా నియమాలు ఒక పరిమితికి మించిన లోడు గల ఇళ్ళకు ఇలాంటి పరికరాన్ని తప్పనిసరి చేశాయి. ఎన్ని పాత ఇళ్ళలో అది ఉందో తెలుసుకోవాలంటే వీధిలో నాలుగు మెయిన్ బోర్డులు తెరిచి చూస్తే చాలు.

భారతదేశంలో విద్యుదాఘాతంతో మరణించేవారి సంఖ్య ఏటా పదివేలను దాటుతోందని జాతీయ నేర నమోదు సంస్థ గణాంకాలు చూపుతున్నాయి. పొలంలో మోటారు దగ్గర పోయినవారు, స్తంభాల మీద పనిచేస్తూ పోయినవారు కూడా అందులో ఉన్నారు. ఇంటి పెరట్లో జీఐ తీగతో కట్టిన దండెం సర్వీసు వైరుకు రాసుకుని, తడిబట్టలు ఆరేయబోయిన ఇల్లాలు, ఆమెను విడదీయబోయిన భర్త, ఇద్దరినీ పట్టుకోబోయిన కొడుకు ఒకరి వెంట ఒకరు పోయిన వార్తలు తెలుగు పత్రికల జిల్లా పుటల్లో ప్రతి వానాకాలంలోనూ కనిపిస్తాయి. నిప్పు సంగతి వేరు. 2025 మే 18న హైదరాబాదులో చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ వద్ద ఒక పాత భవనంలో తెల్లవారి రేగిన మంటల్లో 17 మంది మరణించారు, వారిలో పసిపిల్లలూ ఉన్నారు. షార్ట్ సర్క్యూటే కారణమై ఉంటుందని అధికారులు తొలుత భావించారు. లోపలివారు బయటికి రావడానికి ఉన్నది ఇరుకైన దారి. అలాంటి చావులను ‘అగ్నిప్రమాదం’ అని రాసేటప్పుడు ఆ సమాసంలోని రెండో పదం తన పాత అర్థంతో ఒక్కసారి వినిపిస్తే, పాఠకుని మనసు తప్పక మరో ప్రశ్న వైపు మళ్ళుతుంది.

ఇల్లు ప్రాణం తీయగలదన్న గ్రహింపు ధర్మశాస్త్రాలకు కొత్తది కాదు. మనుస్మృతి మూడో అధ్యాయం గృహస్థునికి ‘పంచసూనలు’ ఉన్నాయని చెబుతుంది. సూన అంటే వధ్యస్థానం, ప్రాణి వధ జరిగే చోటు. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ళకుండ అనే అయిదూ గృహస్థుకు తెలియకుండానే ప్రాణులను చంపుతాయి కనుక, ఆ దోషం పోగొట్టుకోవడానికి అతడు ప్రతిదినం పంచమహాయజ్ఞాలు చేయాలని విధించారు. పుణ్యకార్యాల జాబితాగా మాత్రమే ఈ విధిని చదివేవారు అందులోని అసలు లోతును వదిలేస్తున్నారు. పొయ్యి వెలిగించిన మనిషికి చీమను చంపే సంకల్పం లేదు. అయినా చీమ చావు అతని ఇంటి లెక్కలోకే వస్తుంది. సంకల్పం లేకపోవడం అతని తప్పును తేలిక చేస్తుందే గాని అతణ్ణి లెక్క నుంచి తప్పించదు. ఈ దృష్టిని నేటి ఇంటికి అన్వయిస్తే స్విచ్చుబోర్డు ఆరో సూన అవుతుంది, అయితే ఒక భేదం ఉంది: పొయ్యి కింద పడే పురుగును పూర్తిగా తప్పించడం గృహస్థుకు సాధ్యం కాదు గనుక శాస్త్రం ప్రాయశ్చిత్తం చెప్పింది, బోర్డు వల్ల వచ్చే మరణాన్ని చాలావరకు తప్పించడం సాధ్యమే గనుక ఇక్కడ ప్రాయశ్చిత్తానికి ముందు నివారణే ధర్మం.

జైనుల ఆలోచన ఇంకా నిశితమైనది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయంలో హింసను నిర్వచిస్తూ ప్రాణం తీయడాన్ని మాత్రమే చెప్పి ఊరుకోలేదు; ప్రమత్తమైన, అంటే ఏమరుపాటుతో కూడిన మనోవాక్కాయ వ్యాపారం వల్ల ప్రాణహాని కలగడమే హింస అన్నాడు. అనంతపురం జిల్లా కొనకొండ్ల తన జన్మస్థలమని సంప్రదాయం చెప్పే కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో దీనిని మరింత దూరం తీసుకుపోయాడు: జీవి చచ్చినా చావకపోయినా జాగ్రత్త లేనివాడికి హింస నిశ్చయం, జాగ్రత్తగా మెలిగేవాడికి కేవలం ప్రాణహాని జరిగినంత మాత్రాన బంధం లేదు. పాత ఇళ్ళ యజమానులు తరచుగా చెప్పే ‘ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు’ అన్న సమాధానానికి ఇంతకంటే సూటియైన జవాబు మరే సిద్ధాంతంలోనూ దొరకదు. ఎవరూ చావలేదన్నది ఫలానికి సంబంధించిన మాట, ఆ ముప్ఫై ఏళ్ళూ ఇంట్లో మసలినవారి ప్రాణాలను అతడు ఎంత తేలికగా ఎంచాడన్నది అతని చిత్తానికి సంబంధించినది, కుందకుందుడు రెండోదాన్నే తూచాడు. అలాగే శక్తిమేరకు తీగలు మార్పించి, ఎర్తింగ్ చూపించుకుని, పరికరం బిగించిన ఇంట్లో ఊహకందని కారణంతో ఏదైనా జరిగితే ఆ గృహస్థుకు దుఃఖం మిగులుతుంది గాని దోషం మిగలదన్న ఊరట కూడా ఈ సిద్ధాంతంలోనే ఉంది. బౌద్ధంలోనూ అప్రమాదానికి, అంటే ఏమరుపాటు లేకపోవడానికి, ఇదే పెద్దపీట: ధమ్మపదంలో రెండో వర్గం దాని పేరిటే ఉంది, బుద్ధుడు నిర్వాణానికి ముందు శిష్యులకు చెప్పిన చివరి మాట కూడా అదే. మహాభారతం ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునికి ప్రమాదమే మృత్యువని బోధించాడు. ఆయన చెప్పినది ఆత్మస్వరూపాన్ని మరవడం గురించి గనుక దానిని తీగలకూ ఫ్యూజులకూ నేరుగా అన్వయించడం అతి అవుతుంది, కాని బోధ విన్నవాడు కళ్ళెదుటి కీడును చూడటానికి ఇష్టపడని ఒక ఇంటిపెద్ద అన్న సంగతి మరవరానిది.

దీనికి ఎదురుగా ఒక బలమైన ఆక్షేపణ వేదాంతంలోనే ఉంది. మీమాంసలో కర్మలను విభజించేటప్పుడు ‘నిత్యకర్మ’ అనే ఒక తరగతిని చెబుతారు. సంధ్యావందనం వంటి ఈ కర్మలను చేస్తే ప్రత్యేకమైన ఫలం ఏదీ రాదు, చేయకపోతే మాత్రం ‘ప్రత్యవాయం’, అంటే దోషం, కలుగుతుందని ఒక వాదం. శంకరాచార్యులు గీతాభాష్యంలోనూ తైత్తిరీయ భాష్యంలోనూ ఈ వాదాన్ని తప్పుపట్టారు. చేయకపోవడం అభావం, అంటే లేనిది. దోషం భావం, అంటే ఉన్నది. లేనిదాని నుంచి ఉన్నది ఎలా పుడుతుందని ఆయన ప్రశ్న. ఈ తర్కాన్ని ఇంటికి అన్వయిస్తే యజమాని పక్షాన గట్టి వాదమే నిలుస్తుంది: ఎర్తు తీగ లేకపోవడం ఒక అభావం, అభావం ఎవరినీ చంపదు, చంపినది కరెంటు.

ఆక్షేపణ గంభీరమైనదే గాని, అది ఇక్కడ నిలవదు. నిలవకపోవడానికి కారణం ఇంటి స్వభావంలోనే ఉంది. ఇల్లు అనేది ఒకసారి కట్టి వదిలేసిన వస్తువు కాదు, దినదినమూ ఎడతెగక సాగే పనుల కూటమి. యజమాని మోటారు వేస్తాడు, గీజరు పెడతాడు, ఏసీ కొని పాత సాకెట్టుకే తగిలిస్తాడు, మేడమీది గది అద్దెకిస్తాడు, ఫ్యూజు మాటిమాటికీ పోతోందని సన్నతీగ తీసి రెండు పోగుల రాగితీగ చుట్టిస్తాడు. ఇవన్నీ భావరూపమైన కర్మలు, సంకల్పంతో చేసినవి. ఎర్తు లేని గీజరును వాడటంలో చేయనిది ఒకటైతే చేసినవి పది, ఆ చేయనిది చేసినవాటిలోనే కలిసి ఉంటుంది. గోడకు తీగ లేకపోవడం అభావమే కావచ్చు. తీగ లేని గోడలోకి కరెంటు పంపి, ఆ గోడ పక్కన మరొకరిని నిలబెట్టడం అభావం కాదు. శంకరులే చెప్పిన మరో మాట ఇక్కడ ఇంకా బాగా అమరుతుంది: నిత్యకర్మను వదలడం దోషాన్ని పుట్టించదు, లోపల ఇదివరకే ఉన్న దోషానికి అది గుర్తుగా నిలుస్తుంది. రాలిపోతున్న రబ్బరు తొడుగు అలాంటి గుర్తే. ఆ గుర్తును ప్రతిరోజూ చూస్తూ చూడనట్టుండటానికి మనసు చేసే పని ఒకటి ఉంది, ఆ పనికే పూర్వులు ప్రమాదమని పేరు పెట్టారు.

రెండో ఆక్షేపణ వేదాంతుల నుంచి గాక వీధి అరుగుల మీద నుంచి వస్తుంది: ‘వాడికి అంతే రాసిపెట్టి ఉంది.’ చనిపోయినవారి ఇంట ఈ మాటకు ఒక కరుణ ఉంది, ఏడ్చేవారి మీద అదనపు నింద పడకుండా అది కాపాడుతుంది, కనుక ఆ సమయంలో దానిని తర్కించడం మొరటుతనం. కాని అదే మాట పదకొండో రోజు తరువాత కూడా నిలిచిపోయి, పక్కింటివాడు సైతం తన బోర్డు చూపించుకోకపోవడానికి సాకైనప్పుడు దానిని తర్కించక తప్పదు. ‘అదృష్టం’ అన్న మాటకు కూడా ప్రమాదం మాటకు పట్టిన గతే పట్టింది. వైశేషిక దర్శనంలో అదృష్టం అంటే కంటికి కనిపించని కారణం. అయస్కాంతం వైపు సూది కదలడానికి అదృష్టమే కారణమని కణాదుని సూత్రాలు చెబుతాయి. కారణం ఉంది, అది కనిపించడం లేదు అన్నదే ఆ మాటకు అర్థం తప్ప కారణమే లేదని కాదు. నాడు అదృష్టంలో చేర్చిన అయస్కాంతశక్తికి నేడు సిద్ధాంతం ఉంది, దానికి తోబుట్టువైన విద్యుచ్ఛక్తిని కొలిచే మీటర్లున్నాయి, ఎర్తు నిరోధాన్ని ఓముల్లో చెప్పే పరికరం ఉంది. కొలవగలిగినదాన్ని మళ్ళీ కొలవలేనిదాని ఖాతాలో వేయడం దైవం మీద విశ్వాసం అనిపించుకోదు. మహాభారతం అనుశాసనపర్వంలో దైవమూ పురుషకారమూ, అంటే మనిషి ప్రయత్నమూ, విత్తూ పొలమూ లాంటివని చెప్పిన ఉపమానంలో కూడా ఒకటి ఉంటే రెండోది అక్కరలేదన్న ధ్వని ఎక్కడా లేదు.

ఇతర మతాలు ఈ విషయంలో మరింత సూటిగా మాట్లాడాయి. ఒంటెను కట్టివేసి ఆపై దేవుని మీద భారం వేయమన్న ప్రవక్త మాట తిర్మిజీ సంకలనంలోని హదీసుగా ప్రసిద్ధం. రాత్రి పడుకునేముందు దీపాలు ఆర్పండి, ఎలుక వత్తిని ఈడ్చుకుపోయి ఇంటివారిని కాల్చివేయవచ్చు అన్న హెచ్చరిక బుఖారీ సంకలనంలో ఉంది. ఎలుకనూ వత్తినీ కూడా ప్రార్థన విషయాల సరసన చేర్చిన ఆ శ్రద్ధ గమనించదగినది, నేటికీ అటక మీద తీగల తొడుగు కొరికేది ఎలుకే. బైబిలులో ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం, కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలనీ, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ ఇంటి మీదికి రక్తదోషం వస్తుందనీ శాసిస్తుంది. పడినవాడు తన కాలుజారి పడ్డా దోషం ఇంటిదే. ఇక్కడ యూదు పండితులు లేవనెత్తిన సందేహం పాత ఇళ్ళకు సరిగ్గా పనికివచ్చేది: కట్టినవాడికే ఈ విధి వర్తిస్తుందా, కొనుక్కున్నవాడికి, తండ్రి నుంచి పొందినవాడికి, దానంగా అందుకున్నవాడికి వర్తించదా అని అడిగి, ఇల్లు ఎలా సంక్రమించినా విధి వర్తిస్తుందని వారు తేల్చారు. తల్ముదులో రబ్బీ నాతాను దీనిని పిట్టగోడను దాటించి, కరిచే కుక్కను గాని ఊగే నిచ్చెనను గాని ఇంట్లో ఉంచుకోవడం కూడా ఇదే శాసనానికి విరుద్ధమన్నాడు. ‘నాన్న హయాంలో వేసిన వైరింగు’ అన్న మాట ఊగే నిచ్చెన పక్కన పెడితే ఎంత బలహీనమైనదో తెలుస్తుంది. ఆస్తి వారసత్వంగా వచ్చినప్పుడు అందులోని అపాయమూ వారసత్వంగానే వస్తుంది, ఒకటి పుచ్చుకుని రెండోది కాదనడం కుదరదు.

ఇంటి యజమాని వేరు, కాపురముండేవారు వేరు అయినప్పుడు ప్రశ్న మరింత చిక్కబడుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో నగరపాలనను వివరిస్తూ, ప్రతి ఇంటా నీళ్ళకుండలు, నిచ్చెన, గొడ్డలి వంటివి సిద్ధంగా ఉంచుకోకపోతే జరిమానా అన్నది. నిప్పు అంటుకున్నాక కాదు, అంటుకోకముందే, కేవలం ఉంచుకోనందుకు. ఇల్లు తగలబడుతుంటే కాపాడటానికి పరుగెత్తని యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు శిక్ష. ఏమరుపాటువల్ల నిప్పు పుట్టించినవాడికి 54 పణాలు. ఆ చివరి శిక్షను చెప్పే సూత్రంలో వాడిన మాట ప్రమాదమే, దాని తొలి అర్థంతోనే. అద్దెకున్నవాడి బాధ్యతను పూర్తిగా తీసేయకుండానే యజమాని బాధ్యతను రెట్టింపు చేసిన ఆ నిష్పత్తిలో న్యాయం ఉంది, ఎందుకంటే గోడ బద్దలుకొట్టి తీగ మార్చే అధికారం అద్దెకున్నవాడికి లేదు. నేటి అద్దె ఒప్పందాల్లో సున్నం ఎవరు వేయించాలో ఉంటుంది, మేకులు కొట్టరాదని ఉంటుంది. మెయిన్ బోర్డులో ఆర్.సి.సి.బి. ఉందా అన్న వాక్యం అరుదు. తన ఇంటి ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగించుకున్న యజమాని మేడమీది అద్దె గదిలో ముప్ఫై ఏళ్ళనాటి తీగను వదిలేస్తే, అక్కడ డబ్బు లేకపోవడం కంటే ప్రాణాలకు వేర్వేరు వెలలు కట్టడం కనిపిస్తుంది.

అద్దెకున్నవారికంటే అడుగున మరొకరున్నారు. ఇంట్లో నేల తడిబట్టతో తుడిచేది, తడిచేతులతో గ్రైండరు కడిగేది, కూలరులో నీళ్ళు పోసేది, గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చేది పనిమనిషి. ‘చెప్పులేసుకుని ముట్టుకో’ అన్న ఇంటి నియమం ఆమెకు వర్తించదు, ఎందుకంటే ఆ ఇంట్లో చెప్పులతో తిరిగే హక్కు ఆమెకు లేదు. అపాయం గురించి ఇంటివారికి ఉన్న జ్ఞానం వారిని మాత్రమే కాపాడి, జ్ఞానం అందని మనిషిని దానికి ఎదురుగా నిలబెట్టినప్పుడు, ప్రమాదం అన్న మాటకు కుందకుందుడు ఇచ్చిన అర్థం కూడా చాలదేమో అనిపిస్తుంది. తెలిసీ చూపే అలక్ష్యం ఏమరుపాటుకంటే బరువైనది.

విద్యుత్తును తెలుగు ఇల్లు భక్తితో చూడలేదని ఎవరూ అనలేరు. సందెవేళ లైటు వేయగానే చేతులు జోడించే అలవాటు ఇంకా చాలా ఇళ్ళలో ఉంది. అగ్నికి సంబంధించినది గనుక మెయిన్ బోర్డు ఆగ్నేయ మూలన ఉండాలని వాస్తు చెప్పేవారు పట్టుబడతారు, దసరాకు మీటరుకూ మోటారుకూ కుంకుమబొట్లు పెడతారు. ఈ భక్తిని తేలిక చేయడం తగదు, ఒక శక్తి ముందు మనిషి తగ్గి నిలబడటం దానిలో ఉంది. అయితే బోర్డు ఏ మూలన ఉందో అడిగినంత పట్టుదలగా దాని వెనుక ఎర్తు తీగ ఉందో లేదో అడిగితేనే ఆ భక్తి నిండుతుంది. ఆగమాల్లో ‘జీర్ణోద్ధరణ’ అనే విధి ఉంది, శిథిలమైన ఆలయాన్నో విగ్రహాన్నో బాగుచేయడం దాని అర్థం. కొత్తగా కట్టించడం కంటే దీనికే ఎక్కువ పుణ్యఫలమని పలు గ్రంథాలు చెబుతాయి. పని మొదలయ్యే ముందు ‘కళాకర్షణ’ జరుగుతుంది, అంటే మూర్తిలోని శక్తిని మంత్రపూర్వకంగా కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయం అనే తాత్కాలిక స్థానంలో నిలుపుతారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి వరకు భక్తులు అలాంటి బాలాలయంలోనే దర్శనం చేసుకున్నారు. దేవుని ఇంటికి ఆరేళ్ళు ఆగగలిగిన ఓర్పు మనిషి ఇంటికి వారం రోజులపాటు గోడలు తవ్వి, పాత తీగలు లాగేసి, గదిగదికీ ఎర్తు తీగ నడిపించడానికి సరిపోకపోవడం విచారకరం. పాత ఇంటిని ముట్టుకోకుండా ఉంచడమే పెద్దలపట్ల గౌరవమని భావించేవారికి ఆలయ సంప్రదాయమే మరో దారి చూపుతోంది.

మార్చిన తరువాత కూడా పని మిగిలే ఉంటుంది. ఆర్.సి.సి.బి. మీద ‘టి’ అన్న అక్షరంతో ఒక చిన్న మీట ఉంటుంది. దానిని నొక్కితే పరికరం తనంతట తాను ఆగిపోవాలి, ఆగకపోతే అది పాడైనట్టు. కొన్ని నెలలకోసారైనా దానిని నొక్కి చూడాలి. నొక్కినందువల్ల ఏ లాభమూ కనిపించదు, ఇల్లు ఒక్క క్షణం చీకటై మళ్ళీ వెలుగుతుంది, అంతే. ఫలం లేదని తెలిసి చేసే పనికి మీమాంసకులు పెట్టిన పేరు నిత్యకర్మ. ఎర్తు గొట్టం చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి పూడ్చిన గుంతది కూడా అదే సంగతి: ఎండాకాలంలో నేల ఎండిపోతే దాని నిరోధం పెరిగి, కరెంటును నేలలోకి దింపే శక్తి తగ్గుతుంది, అందుకే గుంత మీద గరాటు అమర్చి దానిలో నీళ్ళు పోయాలని పాత పద్ధతి. ఉదయాన్నే స్నానం చేసి తులసికోటకు నీళ్ళు పోసే ఇల్లాలికి ఆ గుంత నాలుగడుగుల దూరంలోనే, పెరటి గోడ వార, చాలావరకు సిమెంటు మూత కింద ఉంటుంది. మే నెలలో ఆ మూత తీసి ఒక బిందె నీళ్ళు అక్కడ కూడా పోయడానికి పట్టేది రెండు నిమిషాలు.